పెద్దవాళ్లకు యాంటీకోలినర్జిక్ మాత్రలు రాశారా? నోరెండటం నుంచి మతి తప్పడం దాకా ఏం గమనించాలి, ఏం చేయాలి

అర్ధరాత్రి దాటాక ఏదో అలికిడైతే లేచి చూశాను. మా అత్తయ్య మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని దుప్పట్లో రాళ్లు ఏరుతోంది. ఒళ్లో చేట ఉన్నట్టు, బియ్యంలో మట్టిబెడ్డలు కనిపిస్తున్నట్టు, రెండు వేళ్లతో పట్టి పట్టి తీసి పక్కన పడేస్తోంది. "ఏంటత్తయ్యా, ఏం చేస్తున్నారు" అంటే, "పొద్దున్నే పదిమంది భోజనానికి వస్తుంటే ఈ బియ్యం చూడు ఎలా ఉన్నాయో" అంది విసుగ్గా. ఎవరూ రావట్లేదు. ఆవిడకి 74 ఏళ్లు, షుగరుంది, బీపీ ఉంది, కానీ మతిమరుపు లేదు. వారం క్రితం వరకు పాల లెక్క వేళ్ల మీద చెప్పిన మనిషి.

తెల్లారాక ఎవరికి చెప్పినా ఒకటే మాట, "వయసు మీద పడింది కదమ్మా." రెండు రోజులు మేమూ అదే నమ్మాం. మూడో రోజు మాకు తెలిసిన డాక్టరు గారు ఫోన్లో అంతా విని, చీటీలు కాదు, ఇంట్లో ఉన్న మందుల డబ్బా డబ్బాలాగే పట్టుకురమ్మన్నారు. అందులో ఒకే పని చేసే మందులు మూడు తేలాయి. మూత్రం ఆగట్లేదని పన్నెండు రోజుల క్రితం మొదలుపెట్టిన ఆక్సీబ్యూటినిన్, అరికాళ్ల మంటలకు ఏడాదిగా రాత్రిపూట వేసుకుంటున్న అమిట్రిప్టిలిన్, జలుబు చేసిందని మేమే మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్రలో ఉన్న క్లోర్‌ఫెనిరమిన్. మూడూ యాంటీకోలినర్జిక్‌లే. రాసింది ఇద్దరు వేరువేరు డాక్టర్లు, మూడోది మా తెలివి.

నేను డాక్టర్ని కాను, ఫార్మసీ చదవలేదు. ఆ తర్వాత రెండేళ్లుగా ఆవిడ మందులన్నీ నేనే చూసుకుంటూ, అడిగి అడిగి నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను. ఇది చదివి ఏ మాత్రా మీ అంతట మీరు ఆపొద్దు, ఎందుకో కింద చెప్తాను.

అసలు ఈ మందులు ఒంట్లో ఏం చేస్తాయి

మన నరాలు కండరాలకీ గ్రంథులకీ కబురు పంపడానికి వాడే రసాయనాల్లో ఒకటి ఎసిటైల్‌కోలిన్. 1921లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో ప్రయోగం చేసి, నరం నుంచి వచ్చే ఆజ్ఞ ఒక రసాయనం రూపంలో వెళ్తుందని చూపించాడు, ఆ రసాయనమే ఇది. 1936లో ఆయనకీ హెన్రీ డేల్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. నోట్లో లాలాజలం ఊరాలన్నా, పేగులు కదలాలన్నా, మూత్రాశయం బిగుసుకుని మూత్రం బయటికి రావాలన్నా, చెమట పట్టాలన్నా, కంటిపాప చిన్నదవ్వాలన్నా, మెదడులో జ్ఞాపకం నిలవాలన్నా దీని చెయ్యి ఉంటుంది. యాంటీకోలినర్జిక్ మందు ఈ కబురుకి అడ్డుపడుతుంది. మూత్రాశయం ఊరికే బిగుసుకుంటోందని అక్కడ అడ్డం పెట్టడానికి మాత్ర వేస్తాం, అది ఒంట్లో మిగతా చోట్ల కూడా అడ్డం పెడుతుంది. సైడ్ ఎఫెక్ట్ అంటే వేరే ఏదో వింత కాదు, అదే పని మనకు అక్కర్లేని చోట జరగడం.

ఇంకా తేలిగ్గా అర్థం కావాలంటే, కళ్ల డాక్టరు దగ్గర చుక్కలు వేసి కూర్చోబెట్టడం గుర్తు చేసుకోండి. కంటిపాప పెద్దదై, దగ్గరివి కనపడక, ఎండలోకి వస్తే కళ్లు తెరవలేక, ఎవరో చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకురావాలి. ఆ చుక్కల్లో ఉండే ట్రోపికమైడ్ ఈ కుటుంబానిదే. మన పెరళ్లలో, రోడ్ల పక్కన మొలిచే ఉమ్మెత్తదీ ఇదే కుటుంబం. వినాయక చవితికి 21 పత్రుల్లో ఒకటిగా కోసుకొస్తామే, దాని ఆకులోనూ గింజలోనూ ఉండే అట్రోపిన్, స్కోపోలమిన్ కూడా యాంటీకోలినర్జిక్‌లే. ఉమ్మెత్త గింజలు తిన్నవాడు నోరెండిపోయి, ఒళ్లు కాలిపోతూ, లేనివి చూస్తూ పిచ్చివాడిలా మాట్లాడతాడని పల్లెల్లో అందరికీ తెలుసు. మా అత్తయ్య అచ్చం అలాగే ప్రవర్తిస్తుంటే మాకు మాత్రం మాత్రలు గుర్తు రాలేదు, వయసు గుర్తొచ్చింది.

మొదటి అడుగు: ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకచోట పోయండి

చీటీ చూసి కాదు. చీటీలో లేనివే చాలా ఉంటాయి. డబ్బాలో, ఫ్రిజ్ మీద, దిండు కింద, హ్యాండ్‌బ్యాగ్‌లో, పక్కింటావిడ ఇచ్చిన సగం స్ట్రిప్‌తో సహా అన్నీ మంచం మీద పోసి, ఒక్కో దాని వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు రాసుకోండి. బ్రాండ్ పేరు కాదు, అసలు పేరు. ఫోన్ కెమెరాలో పెద్దది చేసుకుంటే కనిపిస్తుంది.

మన ఇళ్లలో ఎక్కువగా దొరికేవి ఇవి. మూత్రం ఆగకపోతే ఇచ్చేవి ఆక్సీబ్యూటినిన్, సోలిఫెనాసిన్, టోల్టెరోడిన్, డారిఫెనాసిన్. చేతులు వణికితే, లేదా మానసిక జబ్బు మందుల వల్ల ఒళ్లు బిగుసుకుపోతే ఇచ్చేది ట్రైహెక్సీఫెనిడిల్, పాసిటేన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. కడుపునొప్పికి, నెలసరి నొప్పికి వాడే సైక్లోపామ్‌లోనూ మెఫ్తాల్ స్పాస్‌లోనూ డైసైక్లోమిన్ ఉంటుంది. దురదకి ఎవిల్, అటరాక్స్. నరాల మంటలకి, నిద్రకి, తలనొప్పికి అమిట్రిప్టిలిన్. జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్, కొన్ని దగ్గు సిరప్‌లలో డైఫెన్‌హైడ్రమిన్. చివరి రెండూ చీటీ లేకుండానే మన చేతికొచ్చేస్తాయి కాబట్టి నాకు వాటి మీదే ఎక్కువ అనుమానం.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల విషయం ఒకటి. అక్కడ సూపర్ మార్కెట్లో పేరు చివర 'పీఎం' అని ఉండే నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు దొరుకుతాయి, వాటిలో చాలావాటిలో డైఫెన్‌హైడ్రమిన్ ఉంటుంది. జెట్ లాగ్‌తో నాన్నకి నిద్ర పట్టట్లేదని రెండు మాత్రలిస్తే 50 మిల్లీగ్రాములు లోపలికి వెళ్లినట్టే. డెబ్బై దాటిన మనిషి మర్నాడు బాత్రూమ్ ఎటో తెలియక వంటింట్లో నిలబడ్డాడంటే కొత్త ఇల్లు కాబట్టి అనుకుంటారు.

రెండో అడుగు: భారం లెక్కేయండి

యాంటీకోలినర్జిక్ భారం అని ఒక లెక్క ఉంది. ఒక్కో మందుకి 1, 2, 3 అని మార్కులు వేస్తారు, అన్నీ కలిపి 3గానీ అంతకన్నా ఎక్కువగానీ వస్తే డాక్టరుతో కూర్చుని మాట్లాడాల్సిందే అని అర్థం. ఆక్సీబ్యూటినిన్ 3, అమిట్రిప్టిలిన్ 3, క్లోర్‌ఫెనిరమిన్ 3, ట్రైహెక్సీఫెనిడిల్ 3. మా అత్తయ్యకి మొత్తం 9 వచ్చింది. ఏ ఒక్క మాత్రా ఎక్కువ డోసు కాదు, విడివిడిగా చూస్తే ఏ డాక్టరుదీ తప్పని అనలేం. కలిపి చూసినవాళ్లు లేరు, అదే జరిగింది.

ఈ లెక్కలో ఒక లోపం ఉంది, డోసు ఎంతో చూడదు. 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్‌కీ 75కీ ఒకటే మార్కు. అందుకని ఈ అంకెను తీర్పులా కాకుండా డాక్టరుని అడగడానికి ఒక సాకులా వాడుకోండి. గుండె, బీపీ మందుల్లో కొన్నింటికి కూడా 1 మార్కు ఉంటుంది, అది చూసి కంగారుపడి వాటి జోలికి వెళ్లకండి.

మూడో అడుగు: మందు మొదలయ్యే ముందు మనిషి ఎలా ఉన్నారో రాసిపెట్టండి

దీన్ని ఎవరూ చేయరు, నాకు చాలా పనికొచ్చింది మాత్రం ఇదే. కొత్త మాత్ర మొదలుపెట్టే ముందు ఒక మూడు రోజులు నోట్ చేయండి: పగలు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి వెళ్లారు, విరేచనం ఎన్ని రోజులకోసారి, నడకలో తూలు ఉందా, పేపరు చదవగలుగుతున్నారా, ఈ రోజు ఏ వారమో చెప్పగలుగుతున్నారా. ఒక క్యాలెండర్ గళ్లల్లో రాసినా చాలు. పది రోజుల తర్వాత "ఏమో, ముందు నుంచీ ఇంతేనేమో" అనే గొడవ ఉండదు.

ఇంకో సంగతి. మూత్రం ఎక్కువసార్లు వస్తోందంటే ముందు దానికి వేరే కారణం ఉందేమో తేల్చుకోవాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. షుగరు పెరిగి ఉండొచ్చు. షుగరుకే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర వాడుతుంటే అది చక్కెరను మూత్రం ద్వారా పంపేస్తుంది, ఒంటికి ఎక్కువసార్లు వెళ్లడం సహజం. బీపీకి ఆమ్లోడిపిన్ వేస్తే కాళ్లు వాస్తాయి, వాపుకి నీరు తీసే మాత్ర వేస్తారు, దాంతో మూత్రం ఆగదు, దానికి ఆక్సీబ్యూటినిన్ వేస్తారు, దాంతో మోషన్ ఆగిపోతుంది, దానికి ఇంకోటి. ఒక మందు తెచ్చిన ఇబ్బందికి ఇంకో మందు, ఎలుకలు పడుతున్నాయని పిల్లిని తెచ్చి, పిల్లికి పాల కోసం ఆవుని కొన్న సన్యాసి కథే. మతిమరుపుకి డొనెపెజిల్ వాడేవాళ్లలో ఇది మరీ విడ్డూరం: డొనెపెజిల్ ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, దాంతో కొందరికి మూత్రం ఆగదు, దానికిచ్చే మాత్ర అదే ఎసిటైల్‌కోలిన్‌కి అడ్డుపడుతుంది. ఒకే బండికి ముందు ఒక ఎద్దు, వెనక ఒక ఎద్దు.

నాలుగో అడుగు: మొదటి నెల తల నుంచి కాళ్ల దాకా గమనించండి

నోరు. అందరికన్నా ముందు తెలిసేది ఇదే. అన్నం ముద్ద గొంతులో పడుతోందంటారు, పళ్ల సెట్టు రాసుకుని పుండు పడుతోందంటారు, మాట్లాడుతుంటే నాలుక అంగిలికి అతుక్కుంటుంది. లాలాజలం లేకపోతే ఉన్న పళ్లు త్వరగా పుచ్చిపోతాయి, నోట్లో తెల్లటి పూత కూడా రావొచ్చు. చిన్న సీసాలో నీళ్లు చేతికందేలా పెట్టి గుక్కెడు గుక్కెడు తాగించండి, అన్నంలో చారో మజ్జిగో ఎక్కువ పోయండి. చప్పరించడానికి పంచదార బిళ్లలు ఇవ్వొద్దు, పళ్లూ పోతాయి, షుగరూ పెరుగుతుంది. ఒకేసారి చెంబెడు నీళ్లు తాగిస్తే మళ్లీ బాత్రూమ్ చుట్టూ తిరగాలి, మొదటికే మోసం.

గుండె జబ్బున్నవాళ్లకి ఇక్కడే ఒక ముఖ్యమైన మాట. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని సార్బిట్రేట్ మాత్ర ఇస్తారు కదా, నోరు పూర్తిగా ఎండిపోయి ఉంటే అది కరగదు. ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడుపుకుని తర్వాత పెట్టుకోవాలి. ఇది మాకు ఎవరూ చెప్పలేదు, ఒక నర్సమ్మ మాటల్లో మాటగా అంటే తెలిసింది.

కళ్లు. దగ్గరివి మసకగా కనిపిస్తాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. కొత్త కళ్లజోడు కోసం పరిగెత్తకండి, మందు మారితే చూపు కుదురుకుంటుంది. కానీ గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు, నీటికాసులు) ఉందని, లేదా కంటి కోణం సన్నగా ఉందని ఎప్పుడైనా కళ్ల డాక్టరు అని ఉంటే, ఈ మందు రాసేవాళ్లకి ముందే చెప్పాలి.

పేగులు. మూడు రోజులు మోషన్ రాకపోతే అది నాలుగో రోజుకి వాయిదా వేసే విషయం కాదు. ముసలివాళ్లలో మలం గట్టిపడి అడ్డంగా నిలిచిపోతే అదే మూత్రాన్నీ నొక్కుతుంది, కడుపుబ్బరం, వాంతులు, గందరగోళం అన్నీ వెంట వస్తాయి. ఆకుకూరలు, జామపండు, నడక మామూలే. ఈసబ్గోల్ వేస్తే మాత్రం నీళ్లు బాగా తాగాలి, లేకపోతే అదే ఉండకట్టి అడ్డం పడుతుంది. మూత్రం భయంతో నీళ్లే తాగని మనిషికి ఈసబ్గోల్ మంచిది కాదు, వేరేది ఇమ్మని డాక్టరునే అడగండి.

మూత్రం. ఇక్కడ చాలామంది పొరబడతారు, కొంచెం నిదానంగా చదవండి. మందు మోతాదు మించితే మూత్రాశయం అసలు ఖాళీ కాదు. నిండి నిండి, ఇక పట్టక, చుక్కలు చుక్కలుగా కారుతుంటుంది. చూసేవాళ్లకి ఎలా అనిపిస్తుంది? "మందు పనిచేయట్లేదు, ఇంకా ఎక్కువ కారుతోంది" అని. డోసు పెంచమంటారు, పెంచితే ఇంకా బిగుసుకుంటుంది. ప్రొస్టేట్ పెరిగిన మగవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడండి, బొడ్డు కింద కుండలా గట్టిగా ఉందా, నొక్కితే బాధపడుతున్నారా. మూత్రానికి వెళ్లొచ్చాక లోపల ఎంత మిగిలిందో అల్ట్రాసౌండ్‌లో నిమిషాల్లో తేలిపోతుంది, మందు రాసేముందే ఆ పరీక్ష అవసరమా అని అడగడంలో తప్పులేదు. పన్నెండు గంటలుగా చుక్క రాలేదు, కడుపు బిగిసిపోయింది అంటే అది ఆసుపత్రికి వెళ్లాల్సిన సంగతి, ట్యూబు వేసి తీయాలి.

గుండె దడ రావొచ్చు. లేచి నిలబడగానే తూలొచ్చు. రాత్రి బాత్రూమ్ దారిలో చిన్న లైటు, గోడకి పట్టుకునే కడ్డీ, కాళ్లకి అడ్డం పడే పట్టాలు తీసేయడం, ఇవి మాత్రలతో సంబంధం లేకుండానే చేయాల్సినవి.

ఇక మతి. మొదట చిన్న చిన్నవే ఉంటాయి. సాయంత్రం కాగానే చిరాకు. మాట మధ్యలో ఆగిపోవడం. కూతుర్ని చెల్లెలి పేరుతో పిలవడం. పగలంతా మగతగా పడుకుని రాత్రంతా మేలుకోవడం. తర్వాత గోడ మీద చీమలు కనిపించడం, లేనివాళ్లతో మాట్లాడటం, గాల్లోంచి, దుప్పట్లోంచి ఏదో ఏరడం. పాతరోజుల్లో సంధి ప్రేలాపన అనేవాళ్లు, డాక్టర్లు డెలీరియం అంటారు. మతిమరుపు జబ్బు నెలలూ ఏళ్లూ తీసుకుంటుంది, ఇది రోజుల్లో, ఒక్కోసారి గంటల్లో వస్తుంది, పొద్దున బాగుండి సాయంత్రం ముదురుతుంది. ఈ తేడా ఒక్కటి తెలిసి ఉంటే మేం రెండు రోజులు పోగొట్టుకునేవాళ్లం కాదు. హఠాత్తుగా మారిన మనిషిని చూసి "వయసు" అనకండి, "గత రెండు వారాల్లో కొత్తగా ఏం వేశాం?" అని అడగండి. ఇన్ఫెక్షన్ వల్లా, సోడియం తగ్గడం వల్లా కూడా ఇలాగే అవుతుంది, కాబట్టి మందే కారణమని మీరే తీర్మానించేయకుండా డాక్టరుకి చూపించాలి.

చాలా ఏళ్లు వాడితే మతిమరుపు జబ్బే వస్తుందా అని అందరూ అడుగుతారు. 2015లో సియాటిల్ ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 3,434 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటి వచ్చింది. మూడేళ్లకు పైగా రోజూ వాడినంత మోతాదు ఒంట్లోకి వెళ్లినవాళ్లలో, అసలు వాడనివాళ్లతో పోలిస్తే మతిమరుపు జబ్బు ముప్పు దాదాపు 54 శాతం ఎక్కువ కనిపించింది. ఇది సంబంధం మాత్రమే, మందే కారణమని రుజువు కాదు. నాలుగు రోజులు జలుబు మాత్ర వేసినందుకు టెన్షన్ పడక్కర్లేదు, ఏళ్లుగా ఆలోచించకుండా నడుస్తున్న మాత్ర ఉంటే మాత్రం ఒకసారి అడగాలి.

ఐదో అడుగు: ఎండాకాలం లెక్క వేరు

ఈ మందులు చెమటను తగ్గిస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం చెమట పట్టని ఒళ్లు ఎలా చల్లారుతుంది? పెద్దవాళ్లని పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి పంపకండి. కరెంటు పోతే తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. ఒళ్లు పొయ్యిలా కాలుతూ, చర్మం పొడిగా ఉండి, మాట తడబడుతుంటే అది జ్వరం కాదు, వడదెబ్బ. పారాసిటమాల్‌తో తగ్గదు. నీడలోకి చేర్చి, నీళ్లు చల్లి, ఫ్యాను పెట్టి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

108కి ఫోన్ చేయాల్సిన సందర్భాలు ఇంకొన్ని: కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, దీపం చుట్టూ రంగుల వలయాలు, తలనొప్పి, వాంతులు, ఇవి కలిసి వస్తే కంట్లో ఒత్తిడి హఠాత్తుగా పెరిగి ఉండొచ్చు, గంటలు లెక్క. గుండె విపరీతంగా కొట్టుకోవడం, ఫిట్స్, లేపినా సరిగా లేవకపోవడం, పొరపాటున ఒకేసారి చాలా మాత్రలు మింగేయడం, పిల్లలు పెద్దవాళ్ల మాత్రలు తినేయడం. వెళ్లేటప్పుడు స్ట్రిప్‌లు వెంట తీసుకెళ్లండి. పసిపిల్లల విషయం ఒక్క ముక్క: ఆరు నెలల్లోపు బిడ్డకి కడుపునొప్పని డైసైక్లోమిన్ చుక్కలు వేయకూడదు, ఊపిరి ఆడని ప్రమాదం ఉంది.

ఆరో అడుగు: మీ అంతట మీరు ఆపకుండా డాక్టరుతో మాట్లాడండి

ట్రైహెక్సీఫెనిడిల్ అకస్మాత్తుగా ఆపితే వణుకు, బిగుసుకుపోవడం ఒక్కసారిగా తిరగబడతాయి. అమిట్రిప్టిలిన్ చాలాకాలం వాడి ఒక్కరోజులో మానేస్తే నిద్ర పోతుంది, వికారం, చిరాకు వస్తాయి. అందుకే మెల్లగా దింపుతారు. మందుల షాపులో కొన్న జలుబు మాత్ర మాత్రం మనమే తెచ్చుకున్నది, దాన్ని ఇంకోసారి వేయకుండా ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

డాక్టరు దగ్గర మనకు దొరికే సమయం ఐదు నిమిషాలు. "నీరసంగా ఉందండి" అంటే బలం మాత్ర రాస్తారు. ఇలా చెప్పండి: "ఈ మాత్ర ఫలానా తేదీన మొదలుపెట్టాం, ఐదో రోజు నుంచి మోషన్ లేదు, తొమ్మిదో రోజు నుంచి రాత్రిళ్లు లేనివి చూస్తున్నారు, వేసుకునే మందుల లిస్టు ఇది, ఇందులో యాంటీకోలినర్జిక్ ఏవేవి, ఏది తగ్గించొచ్చు?" మా లిస్టు చూసి డాక్టరు గారు పెన్ను తీసుకుని మూడు పేర్లకి గుండ్రంగా సున్నా చుట్టారు, అంతే, ఒక్క నిమిషం పట్టలేదు.

మూత్రం మాత్ర గురించైతే అడగదగ్గవి కొన్ని ఉన్నాయి. ఆక్సీబ్యూటినిన్ పెద్దవాళ్లకి 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టొచ్చా? మెల్లగా విడుదలయ్యే రకం ఇస్తారా, దాంతో నోరెండటం తక్కువ. మిరాబెగ్రాన్ సరిపడుతుందా? అది యాంటీకోలినర్జిక్ కాదు, వేరే దారిలో మూత్రాశయాన్ని వదులు చేస్తుంది, కాకపోతే బీపీ చూసుకుంటూ ఉండాలి, ఖరీదు కూడా ఎక్కువే. మందు లేకుండా చేయగలిగేవీ తక్కువేం కాదు: సాయంత్రం కాఫీ, టీ మానేయడం, గడియారం చూసి రెండు గంటలకోసారి వెళ్లి ఆ వ్యవధిని మెల్లగా పెంచడం, మూత్రాన్ని ఆపుకునే కండరాలని బిగించి వదిలే వ్యాయామం. మా అత్తయ్య టీవీ సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడల్లా ఈ వ్యాయామం చేస్తుంది. సీరియళ్లలో ప్రకటనలు ఎన్నో మీకు తెలుసు, వ్యాయామానికి కొరత లేదు.

పెద్దవాళ్లకి ఏ మందులు వద్దో చెప్పే బీర్స్ జాబితా అని ఒకటుంది, 1991లో మొదలైంది, ఇప్పుడు అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ దాన్ని సవరిస్తూ ఉంటుంది, 2023లోనూ సవరించారు. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, అమిట్రిప్టిలిన్ అందులో ఉన్నాయి. డాక్టరు ముందు ఈ పేరెత్తి పాఠం చెప్పినట్టు మాట్లాడితే మాత్రం పని చెడుతుంది. "మా అమ్మ వయసుకి ఇది పడుతుందాండీ" అని అడిగితే చాలు, తెలిసిన డాక్టరుకి అర్థమవుతుంది.

ఏడో అడుగు: మార్చాక కూడా రాస్తూ ఉండండి

మందు తగ్గించిన మర్నాడే మనిషి మామూలైపోరు. నోరు, చూపు త్వరగానే తేరుకుంటాయి. మతి కుదుటపడటానికి పెద్దవాళ్లలో రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మా ఇంట్లో జలుబు మాత్ర ఆ పూటే మానేశాం, ఆక్సీబ్యూటినిన్ డాక్టరు గారు ఆపేశారు, అమిట్రిప్టిలిన్‌ని నెలరోజుల్లో మెల్లగా దింపారు. నాలుగో రాత్రి నిద్రపోయింది. తొమ్మిదో రోజున పాలవాడితో రెండు లీటర్ల లెక్క దగ్గర గొడవపెట్టుకుంది, లెక్క ఆవిడదే కరెక్టు.

ఆ వారాల్లో బాత్రూమ్ తిప్పలు మళ్లీ పెరిగాయి, అది దాచను. రాత్రి మూడుసార్లు లేచేది. ఆవిణ్నే అడిగాం, మూడుసార్లు లేవడమా, ఆ మాత్రా అని. "లేస్తాలే, నాకేం పనుంది" అంది.

చివరిగా ఒక పని, పది నిమిషాలు పడుతుంది. మందు వల్ల ఇబ్బంది వస్తే మామూలు మనుషులు కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దగ్గర నడిచే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 అని టోల్‌ఫ్రీ నంబరుంది. రోగి వయసు, మందు పేరు, డోసు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఏం జరిగింది, ఆపాక తగ్గిందా అని అడుగుతారు, మూడో అడుగులో రాసిన క్యాలెండర్ గళ్లు ముందు పెట్టుకుని ఫోన్ చేయండి.